ఐరన్ మాత్ర వాడుతున్నా రక్తం పెరగట్లేదు.. పాల టీ మానేసి గ్రీన్ టీకి మారాలా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. నిజామాబాద్ దగ్గర చిన్న టైలరింగ్ షాపు నడుపుతున్నా. పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా ఐదారు టీలు పడాల్సిందే, ఒక్కోదాంట్లో రెండు స్పూన్ల చక్కెర. మూడేళ్ల నుంచి థైరాయిడ్ మాత్ర వాడుతున్నా, వేడివేడిగా ఉంటే తొందరగా కరుగుతుందని పొద్దున టీతోనే వేసుకుంటా. ఈమధ్య నీరసం, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే టెస్టు చేశారు, హిమోగ్లోబిన్ 9.2 ఉంది. ఐరన్ మాత్రలు రాశారు, టిఫిన్ కాగానే టీతో వేసుకుంటున్నా, రెండు నెలలైనా 9.4 దాటలేదు. మా అమ్మాయి పాల టీ మానెయ్యమని గ్రీన్ టీ, మందార టీ, 'డిటాక్స్' టీ డబ్బాలు పంపింది. గ్రీన్ టీ బాగా మరిగించి తాగితే వేపాకు రసంలా ఉంది. అసలు ఏ టీ తాగితే మంచిది డాక్టర్ గారూ?
- ఒక పాఠకురాలు

సమాధానం: ఏ టీ అన్నది తర్వాత చూద్దామమ్మా, ముందు మీ రెండు మాత్రల్ని టీ నుంచి విడదీయాలి. మీ రక్తం పెరగకపోవడానికి పెద్ద అనుమానం నాకు అక్కడే ఉంది.

టీలో వగరు ఉంటుంది కదా, నాలుక పట్టేసినట్టు చేసేది, అవి టానిన్లు. ఇవి కడుపులో ఐరన్‌ని పట్టుకుని పేగుల్లోంచి రక్తంలోకి పోనివ్వవు. మీరు వేసుకున్న మాత్రలో చాలా భాగం అలాగే బయటకి పోతోందన్నమాట. ఒక్క మాత్రే కాదు, తోటకూర, పప్పులు, రాగుల్లో ఉండే ఐరన్‌దీ ఇదే పరిస్థితి. గ్రీన్ టీ కూడా అదే తేయాకు మొక్క నుంచి వచ్చేదే, దాంట్లోనూ ఈ వగరు పదార్థాలు బాగానే ఉంటాయి, కాబట్టి పాల టీ బదులు గ్రీన్ టీతో మాత్ర వేసుకున్నా కథ మారదు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో తిండికి గంట ముందు, గంట తర్వాత దాకా టీ, కాఫీలు వద్దనే చెప్పింది. మనదేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క, అలాంటప్పుడు టిఫిన్ ప్లేటు పక్కనే టీ గ్లాసు పెట్టుకునే అలవాటు మనకి అస్సలు మంచిది కాదు.

ఇక థైరాయిడ్ మాత్ర. అది పరగడుపున మామూలు నీళ్లతోనే వేసుకోవాలి, తర్వాత అరగంట నుంచి గంట దాకా టీ గానీ కాఫీ గానీ ముట్టుకోకూడదు. వేడికి తొందరగా కరుగుతుందన్నది వట్టి మాట. ఇంకో సంగతి, థైరాయిడ్ మాత్రకి ఐరన్ మాత్ర కూడా పడదు, రెంటికీ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి. అందుకని ఇలా చేయండి, పొద్దున ఆరింటికి థైరాయిడ్ మాత్ర నీళ్లతో, ఏడింటికి మీ టీ, ఎనిమిదిన్నరకి టిఫిన్, దాంతో టీ వద్దు. పదకొండింటికి షాపులో అందరూ టీ చెప్పుకునే టైముకి మీరు చక్కెర లేని నిమ్మకాయ నీళ్లతో ఐరన్ మాత్ర వేసుకోండి, నిమ్మలోని విటమిన్ సి ఐరన్‌ని లోపలికి లాగుతుంది. కడుపులో తిప్పితే ఒక జామకాయ ముక్క తిని వేసుకోండి, పాలు, పెరుగు మాత్రం వద్దు. మలం నల్లగా అవుతుంది, కంగారు పడకండి, అది ఐరన్ వల్లే. మళ్లీ టీ సాయంత్రం నాలుగింటికి.

అంటే రోజుకి రెండు, మహా అయితే మూడు. ఒక్కసారిగా ఆరు నుంచి రెండుకి రావద్దు, కెఫీన్ అలవాటైన వాళ్లకి సడెన్‌గా మానేస్తే మర్నాటికి తలనొప్పి, చిరాకు మొదలై కొన్ని రోజులు ఉంటాయి, మూడు నాలుగు రోజులకో టీ చొప్పున తగ్గించుకుంటూ రండి. 150 మి.లీ. కప్పు టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, రోజుకి 300 దాటకూడదు. మీ ఐదారు టీలు చిక్కగా ఉంటే ఆ లెక్క దాటొచ్చు, పైగా సాయంత్రం ఐదు తర్వాతది నిద్ర చెడగొడుతుంది. నాకు మీ టీల కన్నా వాటిలో చక్కెరే భయం. ఆరు టీలకి పన్నెండు స్పూన్లు, అంటే దగ్గరదగ్గర 50 గ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 గ్రాముల లోపు ఉంటే మంచిదంటోంది.

ఇప్పుడు మీ అమ్మాయి పంపిన డబ్బాల సంగతి. గ్రీన్ టీ చేదుగా ఉండటం ఆకు తప్పు కాదు, అల్లం టీ మరిగించినట్టు మరిగించారు చూడండి, అదీ సంగతి. నీళ్లు మరిగాక స్టవ్ ఆపేసి మూత తీసి నాలుగైదు నిమిషాలు వదిలేయండి, పొంగులాగా వచ్చే ఆవిరి కాస్త సద్దుమణిగాక ఒక కప్పుకి చిన్న స్పూను ఆకు వేసి రెండు మూడు నిమిషాల్లో వడకట్టేయండి, లేత పచ్చ పసుపు రంగులో దిగాలి, ముదురు గోధుమ రంగు వచ్చిందంటే ఎక్కువసేపు ఉంచేసినట్టే. పరగడుపున వద్దు, కొందరికి వికారం వస్తుంది. బరువు తగ్గుతామని మాత్రం ఆశపడొద్దు, చక్కెర టీ స్థానంలో తాగితే ఆ చక్కెర తగ్గినందుకే లాభం. గ్రీన్ టీ క్యాప్సూల్స్ జోలికి అసలు పోవద్దు, మోతాదు ఎక్కువైతే లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి.

మందార టీ అని అమ్మేది చాలావరకు మన పెరట్లో మందారం కాదు, ఎర్ర గోంగూర జాతి పువ్వు కింద ఉండే ఎర్రటి పుల్లటి రేకులు. కెఫీన్ లేదు, బీపీని కొద్దిగా తగ్గిస్తుంది, కాబట్టి బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ని అడిగి తాగాలి. మీకైతే సాయంత్రం ఆరు తర్వాత టీ కావాలనిపిస్తే ఇది గానీ నిమ్మగడ్డి టీ గానీ బాగుంటుంది, నాకు నిమ్మగడ్డే ఇష్టం, రెండు ఆకులు తుంచి చిన్న అల్లం ముక్క దంచి వేస్తే చాలు.

డిటాక్స్ టీ డబ్బా మీద వెనకాల సన్నక్షరాలు చదవండి. సునాముఖి ఆకు ఉంటే అది విరేచనాల మందు, రోజూ తాగితే నీళ్లు, పొటాషియం పోతాయి, ఇంకా నీరసం. అతిమధురం ఉంటే ఎక్కువ రోజులు తాగితే బీపీ పెరుగుతుంది. నన్నడిగితే ఆ డబ్బా పక్కన పెట్టెయ్యండి, శరీరాన్ని కడగడానికి లివర్, కిడ్నీలు ఉన్నాయి.

షాపుకి ఎదురు హోటల్ నుంచి టీ పల్చటి ప్లాస్టిక్ కవర్లో కట్టించి తెప్పించుకుంటుంటే అది ఆపేసి స్టీలు ఫ్లాస్కు పంపండి, ఆ వేడికి ప్లాస్టిక్ కణాలు టీలోకి దిగుతాయి. పొగలు కక్కుతుండగా గుటకేయడం కూడా వద్దు, 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు ఏళ్ల తరబడి తాగితే అన్నవాహిక (గొంతు నుంచి కడుపు దాకా తిండి వెళ్లే గొట్టం) క్యాన్సర్ ముప్పు ఉండొచ్చని 2016లోనే హెచ్చరించారు. లూజు టీపొడి కొంటే ఫిల్టర్ పేపర్ మీద కొంచెం చల్లి నీళ్లతో తడిపి, పొడి తీసేసి పేపర్‌ని కడిగి వెలుతురులో చూడండి, మరకలు పడితే రంగు కలిపినట్టు.

ఇంతా చెప్పి ఒక ప్రశ్న నేనడగాలి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా, గడ్డలుగా పోతోందా? మీ వయసులో రక్తం తగ్గడానికి అది చాలా మామూలు కారణం, థైరాయిడ్ సరిగ్గా కంట్రోల్‌లో లేకపోయినా అలా అవుతుంది. అవునంటే గైనకాలజిస్టుని కలవండి. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ టెస్టు, విటమిన్ బీ12 టెస్టు కూడా చేయించండి. మాత్ర ఇలా మార్చుకున్నాక నెలకి మళ్లీ హిమోగ్లోబిన్ చూడండి, పెరగకపోతే కారణం ఇంకెక్కడో వెతకాలి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) మాత్రం ఆరు నుంచి ఎనిమిది వారాలకి తప్పనిసరి, ఎందుకంటే ఇన్నాళ్లూ టీతో కలిసి కొంతే ఒంటబట్టిన డోసు ఇకనుంచి పూర్తిగా పడుతుంది, ఎక్కువై గుండె దడ, చేతుల వణుకు రావచ్చు. అలా అనిపిస్తే వారాలు లెక్కపెట్టకుండా మీ డాక్టర్ దగ్గరికి వెళ్లి డోసు తగ్గించాలేమో అడగండి, మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు.