తూము దగ్గరే ఆగిపోకు

హన్మకొండ

తమ్మీ,

అణు రియాక్టర్ మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ‘కంట్రోల్ రాడ్ అంటే రియాక్టర్‌కు బ్రేకు’ అని మొదలుపెట్టావు. బ్రేకు చక్రాన్ని ఒరుసుకుని ఆపుతుంది. రాడ్ దేన్నీ ఒరుసుకోదు, అందులోని బోరానో కాడ్మియమో యురేనియంను చీల్చే న్యూట్రాన్లను మింగేస్తుంది.

పాకాల పక్కన పుట్టినవాడివి, తూము గుర్తు రాలేదా? షట్టర్ ఎత్తితే నీళ్లు, దించితే బంద్. రాడ్ కూడా అంతే: పైకి లాగితే పవర్ పెరుగుతుంది, దించితే తగ్గుతుంది. కానీ అక్కడే ఆగిపోకు. కాలువలో నీళ్లు నీళ్లను పుట్టించవు. ఇక్కడ ఒక న్యూట్రాన్ యురేనియంను చీలిస్తే సగటున రెండున్నర దాకా కొత్తవి పుడతాయి. పవర్ నిలకడగా ఉండాలంటే వాటిలో సరిగ్గా ఒక్కటే మరో చీలికకు మిగలాలి. మిగతావి నీళ్లలో, ఇంధనంలో, గోడల్లో పోతాయి. లెక్కలో ఆఖరి సవరణ రాడ్‌ది.

నువ్వు వదిలేసిన ముచ్చట ఇంకొకటుంది. యురేనియం-235లో వెయ్యికి ఆరేడు న్యూట్రాన్లు చీలిక ముక్కల్లోంచి సెకన్లు, ఒక్కోసారి నిమిషం ఆలస్యంగా వస్తాయి. ఆ ఆరేడు లేకపోతే మోటారు రాడ్‌ను కదిపేలోపే చేయి దాటిపోయేది. నాకైతే మొత్తం సబ్జెక్టులో ఇదే ఇష్టం.

చెర్నోబిల్ రియాక్టర్ ప్రమాదాన్ని ‘రాడ్లు పనిచేయలేదు’ అని ఒక్క ముక్కలో దాటేశావు. అక్కడ కూర్చుని రాయాలి. 1986 ఏప్రిల్ 26న ఆపే బటన్ నొక్కారు. రాడ్ల కింద వేలాడే గ్రాఫైట్ భాగం ముందు దిగి, అడుగున ఉన్న నీళ్లను తోసేసింది. నీళ్లు న్యూట్రాన్లను కొంతైనా మింగేవి. గ్రాఫైట్ దాదాపు మింగదు. ఆపబోతే అడుగున చీలికలు పెరిగాయి.

నేనూ కొత్తలో ‘రాడ్లు దించగానే రియాక్టర్ చల్లబడుతుంది’ అని రాశాను. అచ్చయింది కూడా. వారం తిరక్కుండా రామగుండం నుంచి ఒకాయన పోస్టుకార్డు: ‘సార్, పొయ్యి ఆర్పితే నిప్పులు కూడా ఆరుతాయా?’ సిగ్గుతో చచ్చిపోయాను. ఆపిన మరుక్షణం కూడా పూర్తి పవర్‌లో ఆరేడు శాతం వేడి పుడుతూనే ఉంటుంది. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా ప్రమాదంలో రాడ్లు సరిగ్గానే దిగాయి, ఆ నిప్పులను చల్లార్చే నీళ్లే ఆగిపోయాయి.

బ్రేకు కొట్టెయ్. తూము పెట్టు, అది ఎక్కడ సరిపోదో ఆ పక్క వాక్యంలోనే చెప్పు. ఆదివారం పొద్దున భద్రకాళి బండ్ మీదికి రా, ప్రింట్ తెచ్చుకో. ఫోన్‌లో చదవడం నావల్ల కాదు.

మీ అన్న