ఆటల మాస్టారు: గుద్దులో బలం ఎక్కడిది?

ప్రశ్న: మాస్టారూ, నా వయసు 20, బరువు 96 కిలోలు. రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు లారీలకు ఎక్కించే పని నాది. సాయంత్రం జిమ్ముకి వెళ్తాను, వారంలో రెండు రోజులు రాజమండ్రిలో బాక్సింగ్ నేర్చుకుంటున్నాను. నా జబ్బలు చూసి అందరూ జంకుతారు గానీ, నేను కొడితే వేలాడే సాధన బ్యాగు ఊగుతుందంతే. మాతో నేర్చుకునే 70 కిలోల కుర్రాడు కొడితే అదే బ్యాగు మధ్యకి మడత పడుతుంది. హెవీవెయిట్లకు, అంటే అన్నిటికన్నా బరువైన తరగతి బాక్సర్లకు, బరువే బలం అనుకున్నాను. మరి నాకెందుకు రావట్లేదండీ? పుట్టుకతో రావాల్సిందేనా?
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: బాబూ, సగం జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. బ్యాగు ఊగిందంటే నువ్వు దాన్ని తోశావు. మడత పడిందంటే ఆ కుర్రాడు గుద్దాడు. తోసినప్పుడు బలమంతా నెమ్మదిగా దిగుతుంది, బ్యాగు దారి ఇచ్చేస్తుంది. గుద్దినప్పుడు రెప్పపాటులో దిగుతుంది, బ్యాగుకి కదిలే టైమే ఉండదు.

బరువు సంగతి చూద్దాం. 2018 డిసెంబరులో లాస్ ఏంజెలిస్‌లో టైసన్ ఫ్యూరీతో తలపడినప్పుడు హెవీవెయిట్ బాక్సర్ డియాంటే వైల్డర్ బరువు 96 కిలోలు. సరిగ్గా నీ బరువే. ఫ్యూరీ 116 కిలోలు. అయినా వైల్డర్ అతన్ని తొమ్మిదో రౌండులో ఒకసారి, పన్నెండో రౌండులో ఒకసారి కింద పడేశాడు. ఒకప్పటి హెవీవెయిట్ ఛాంపియన్ రాకీ మార్సియానో అయితే 84 కిలోల మనిషి. ప్రొఫెషనల్ హెవీవెయిట్ అనిపించుకోవాలంటే ఇప్పుడు 90.7 కిలోలు దాటాలి, అంటే ఈ రోజుల్లో ఆయన్ని ఆ తరగతిలో లెక్కే వేయరు. అలాంటి మనిషి 49 పోటీలు ఆడి 49 గెలిచాడు, అందులో 43 నాకౌట్లే.

బరువు పనికిరాదని కాదు నేననేది. ఎంత బరువు పిడికిలి దాకా వచ్చిందన్నదే లెక్క. 1985లో బ్రిటన్‌లో శాస్త్రవేత్తలు హెవీవెయిట్ బాక్సర్ ఫ్రాంక్ బ్రూనో గుద్దుని కొలిచారు. పిడికిలి వేగం సెకనుకు 8.9 మీటర్లు, అంటే గంటకు 32 కిలోమీటర్లు. వేగం లెక్కన చూస్తే అదేమంత కాదు. కానీ తగిలిన దెబ్బ 4,000 న్యూటన్లు దాటింది, 400 కిలోల బరువు మోపినంత. ఒక్క చేతి బరువుకి అంత దెబ్బ పుట్టదు. వెనక ఒళ్ళంతా కలిసి రావాలి.

ఎలా వస్తుందంటావా? నేల నుంచి. అదే ఏడాది సోవియట్ శిక్షకులు లెక్క కట్టారు: చేయి తిరిగిన బాక్సర్ల గుద్దులో కాళ్ళ వాటా సుమారు 38 శాతం, నడుముది 37, చేతిది 24 మాత్రమే. కొత్తవాళ్ళలో కాళ్ళ వాటా 16 శాతం దగ్గరే ఆగిపోయింది. నువ్వు జిమ్ములో పెంచుతున్నది ఆ 24 వాటా ఒక్కటే. గెలలు మోసి మోసి నీకు వచ్చిన తొడలు, పిక్కలు మాత్రం ఊరికే నిలబడి ఉన్నాయి!

మా బ్యాగు తుఫాను షెల్టరు వరండాలో వేలాడుతుంటుంది. గోనెలో ఊక, ఇసుక, పాత గుడ్డలు కూరి కుట్టించాం. కొత్త కుర్రాడు ఎవడొచ్చినా నేను వాడి చేతులు చూడను, కుడి మడమ చూస్తాను. కుడి చేత్తో స్ట్రైట్ (నేరుగా వేసే గుద్దు) కొట్టేటప్పుడు ఆ మడమ లేచి బయటికి తిరగాలి, మునివేళ్ళు నేలని నొక్కాలి. వెంటనే తుంటి, దాని వెనక భుజం, చిట్టచివర పిడికిలి. మడమ నేలకి అతుక్కుపోయి ఉందంటే వాడు చేత్తోనే కొడుతున్నాడు. గౌతమి పాయలో విసురువల వేసేవాళ్ళని చూసే ఉంటావు. వల చేత్తోనే వదిలినా, దాన్ని విప్పేది పాదం, నడుము తిప్పిన తిప్పు.

ఇంకోటి, పిడికిలి. నువ్వు మొదటి నుంచీ బిగించే ఉంటావని నా అనుమానం, గెలలు ఎత్తేవాడికి అది అలవాటు. బిగిసిన చెయ్యి నెమ్మదిగా పోతుంది. బయల్దేరేటప్పుడు వదులుగా ఉండాలి, తగిలే క్షణంలో పిడికిలి, మణికట్టు, పొట్ట ఒకేసారి బిగియాలి. ఆ ఒక్క క్షణం ఆలస్యమైతే వచ్చిన బలమంతా మణికట్టు దగ్గరే మడతపడిపోతుంది.

పుట్టుకతో వచ్చేది కొంత ఉంది, లేదని చెప్పను. త్వరగా బిగిసే కండ, పొడుగు చేతులు ఎవరూ నేర్పలేరు. అయినా హెవీవెయిట్ బాక్సర్ జో ఫ్రేజియర్‌ని చూడు. చిన్నప్పుడు ఇంటి పంది తరిమితే పడి ఎడమ చెయ్యి దెబ్బతింది. అది సరిగ్గా అతకలేదు, పూర్తిగా చాచలేకపోయేవాడు. ఆ వంకర చేత్తోనే ఎడమ హుక్ (మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే గుద్దు) సాధన చేశాడు. 1971 మార్చి 8న న్యూయార్క్‌లో పదిహేనో రౌండులో ముహమ్మద్ అలీని పడగొట్టింది ఆ హుక్కే.

ఇక నాకౌట్‌కి బలం ఒక్కటే చాలదు. దెబ్బ వస్తున్నదని కనిపిస్తే మనిషి మెడ బిగిస్తాడు, తల తక్కువ తిరుగుతుంది. కనిపించనిది గడ్డానికి తగిలితే తల గిర్రున తిరుగుతుంది, లోపల మెదడు అదురుతుంది. 1994లో 45 ఏళ్ళ జార్జ్ ఫోర్‌మన్ పదో రౌండులో మైకేల్ మూరర్‌ని పడగొట్టి మళ్ళీ ఛాంపియన్ అయ్యాడు. అప్పటిదాకా మూరరే ముందున్నాడు. ఫోర్‌మన్ ఒళ్ళు బరువెక్కి, కదలిక మందగించి ఉంది. అయినా ఓపిగ్గా జాబ్ (ముందు చేత్తో చురుగ్గా వేసే గుద్దు) వేసుకుంటూ వచ్చి, దాని వెనకే పొట్టిగా, నేరుగా కుడి చెయ్యి వదిలాడు. నాకు ఎంతో ఇష్టమైన గుద్దు అది.

నెల రోజులు జబ్బల వ్యాయామం తగ్గించు. అద్దం ముందు మడమ, తుంటి, భుజం వరస నెమ్మదిగా చెయ్యి. స్కిప్పింగ్ పెంచు, మెడిసిన్ బాల్ (వ్యాయామానికి వాడే బరువైన బంతి) గోడకేసి విసురు. స్పారింగ్‌లో, అంటే తోటివాడితో సాధన పోటీలో, మాత్రం ఈ బలం చూపించకు. ఎదుటివాడూ నేర్చుకోవడానికి వచ్చినవాడే, వాడి తల నీ బ్యాగు కాదు.

ప్రశ్న: మా అబ్బాయి డంబెల్స్ పట్టుకుని గాల్లో గుద్దుతాడు, ఉత్త చేతులతో ధాన్యం బస్తాని కొడతాడు. పిడికిలి గట్టిపడుతుందంటాడు. నిజమేనా?
– ఒక తల్లి, భీమవరం

జవాబు: రెండూ మాన్పించండమ్మా. డంబెల్ కిందికి లాగుతుంది, గుద్దు ముందుకి పోవాలి. భుజం కీలు నొప్పి పుట్టడం తప్ప లాభం లేదు. ఉత్త చేత్తో కొడితే చిటికెన వేలి వైపు అరచేతి ఎముక విరిగే ప్రమాదం ఉంది. చేతికి బ్యాండేజీ గుడ్డ చుట్టి, గ్లౌజులు వేసి, చూపుడువేలు, మధ్యవేలు కణుపులతో తగిలేలా కొట్టమనండి. ఇప్పటికే అక్కడ వాపు ఉంటే ముందు ఎక్స్‌రే తీయించండి.