రక్తపు వాంతి రోగి దగ్గర ఒక్కదానివే నిలబడవద్దు

చెల్లీ, బ్రిటన్‌లో అక్యూట్ మెడికల్ వార్డులో (అత్యవసరంగా చేరిన రోగులుండే వార్డు) వేశారనీ, రక్తం కక్కుకునే రోగి రాత్రి డ్యూటీలో వస్తే ఎలా చూసుకోవాలో భయంగా ఉందనీ రాశావు. ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష గట్టెక్కి ఇక్కడి నర్సుల మండలి ఎన్ఎంసీలో రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నదానివి, చేతిపని నీకు వచ్చు. నా దిగులు దాని గురించి కాదు. ఎవరూ తెలియని వార్డులో, మనుషుల్ని పిలవడానికి మొహమాటపడి ఒంటరిగా నిలబడిపోతావేమోనని.

వచ్చిన కొత్తలో నేను అలాగే నిలబడ్డాను. చలికాలం, తెల్లవారుజాము. గుండెకు బిసోప్రొలోల్ (నాడిని నెమ్మది చేసే బీటా బ్లాకర్ మందు) వాడుతున్న పెద్దాయన. కమోడ్ మీద నుంచి లేపేసరికి విరేచనం తారులా నల్లగా, జిగటగా కనిపించింది, కడుపులో రక్తం కారుతోందనడానికి గుర్తు. ఐరన్ మాత్రలకు కూడా నల్లగా అవుతుంది గానీ ఆ జిగట, ఆ వాసన ఉండవు. నాడి చూస్తే ఎనభై చిల్లర. ఫరవాలేదు కదా అనుకున్నాను. బీటా బ్లాకర్ వేసుకునే మనిషికి లోపల రక్తం పోతున్నా నాడి పరుగెత్తదని చదువుకున్నదే, ఆ క్షణంలో తట్టలేదు. చేతులు చల్లబడ్డాయి, నుదుట చెమట. అడిగితే బాగానే ఉన్నానమ్మా అన్నాడు. ఇక్కడి పెద్దవాళ్లు చాలామంది ప్రాణం మీదికి వచ్చినా అంతకు మించి చెప్పరు. మంచం వెనక గోడకు ఎమర్జెన్సీ బజర్ ఉంది. నొక్కితే అందరూ పరుగెత్తుకొస్తారు, తీరా ఏమీ లేకపోతే కొత్తగా వచ్చిన ఈ అమ్మాయికి పని రాదనుకుంటారు అని నేను బీపీ మళ్లీ మళ్లీ చూస్తూ ఉండిపోయాను. అటుగా వచ్చిన సీనియర్ నర్సు ఆయన ముఖం చూసి, నన్నేమీ అడగకుండానే బజర్ నొక్కింది. నిమిషాల్లో మంచం చుట్టూ మనుషులు. ఎండోస్కోపీలో డుయోడినల్ అల్సర్ (చిన్నపేగు మొదట్లో పుండు) బయటపడింది. క్లిప్పులు వేసి రక్తం ఆపారు, ఆయన బతికాడు.

మన ఆసుపత్రుల్లో రోగి పక్కన ఇంటివాళ్లు ఉంటారు. రక్తం చూడగానే వాళ్లే సిస్టర్, సిస్టర్ అని కేకలు పెడతారు, నలుగురూ పోగవుతారు. ఇక్కడ మామూలుగా రాత్రిపూట ఇంటివాళ్లు ఉండరు. తెర లాగితే లోపల రోగి, నువ్వు. ఆ కేక నువ్వే పెట్టాలి. నాడి, బీపీ, ఊపిరి వంటివాటిని బట్టి రోగి పరిస్థితికి వేసే న్యూస్-2 స్కోరు 5 గానీ అంతకు మించి గానీ ఉంటే వెంటనే డాక్టరును పిలవాలనీ, 7 గానీ అంతకు మించి గానీ ఉంటే అత్యవసర బృందం రావాలనీ నీకు నేర్పే ఉంటారు. కంటికి రక్తం కనిపిస్తుంటే స్కోరు పెరిగేదాకా ఆగవద్దు. బజర్ నొక్కు, వార్డు ఫోనులో ఆసుపత్రి అత్యవసర నంబరు 2222 తిప్పించు. అనవసరంగా పిలిచావని నిన్నెవరూ తప్పు పట్టరు, ఆలస్యంగా పిలిస్తే మాత్రం అడుగుతారు.

వాళ్లు వచ్చేలోగా వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా రోగిని ఎడమ పక్కకు తిప్పు, నోట్లోది లాగేసే సక్షన్ గొట్టం చేతికందేలా పెట్టు, ఆక్సిజన్ చూడు, నోటికి ఏమీ ఇవ్వవద్దు. రెండు చేతులకూ పెద్ద కాన్యులాలు (నరంలోకి ఎక్కించే గొట్టాలు) కావాలి. బూడిద రంగుది, దొరకకపోతే ఆకుపచ్చది. సులువుగా ఎక్కుతుందని గులాబీ రంగుదానితో సరిపెట్టుకోవద్దు. ఎక్కించబోయే రక్తం సరిపోతుందో చూసే క్రాస్‌మ్యాచ్ ట్యూబు మీద వివరాలు మంచం పక్కనే, రోగి చేతిపట్టీ చూసి రాయి. డెస్కు దగ్గరికి తీసుకెళ్లి రాస్తే ఒకరి రక్తం మరొకరి పేరు మీదికి పోతుంది. పదిహేను నిమిషాలకోసారి నాడి, బీపీ, గంటగంటకూ మూత్రం కొలత.

మరొకటి, ఇక్కడ హిమోగ్లోబిన్ లీటరుకు ఇన్ని గ్రాములని లెక్కిస్తారు, మన దగ్గర డెసిలీటరుకు. ల్యాబు నుంచి ఫోనులో 68 అని వినిపిస్తే అది మన 6.8. సాధారణంగా 70 కంటే తగ్గితే రక్తం ఎక్కిస్తారు. అయితే రక్తస్రావం మొదలైన తొలి గంటల్లో హిమోగ్లోబిన్ బాగానే కనిపిస్తుంది, ఆ అంకెను చూసి నిమ్మళించకు. రక్తం గడ్డకట్టి ఆగేందుకు ఇచ్చే ట్రానెక్సామిక్ యాసిడ్ ఎందుకు పెట్టడం లేదని నీకు సందేహం రావచ్చు. దాదాపు 12,000 మంది రోగులతో జరిగిన హాల్ట్-ఇట్ పరీక్షలో ఈ రక్తస్రావానికి అది మరణాలను తగ్గించలేదని 2020లో తేలింది. ఎండోస్కోపీ ఎప్పుడు, లివర్ రోగికి టెర్లిప్రెసిన్ (రక్తస్రావం తగ్గించే మందు), యాంటీబయాటిక్ ఎప్పుడు అన్నవి ఇక్కడి వైద్య మార్గదర్శకాలు రాసే సంస్థ నైస్ మార్గదర్శకాల్లో, మీ ఆసుపత్రి ప్రోటోకాల్‌లో ఉంటాయి, చదువుకో.

మా రోజుల్లో ఇవన్నీ చెప్పే తెలుగువాళ్లు దొరకలేదు, మేమే నెట్టుకొచ్చాం. మీకు వాట్సాప్ గ్రూపులున్నాయి, అయినా నోరు తెరిచి అడగరు. అలాంటి రాత్రి గడిచాక నేరుగా గదికి పోయి తలుపు వేసుకోకు. కలిసి పనిచేసిన నర్సుతో టీ తాగు, ఏం జరిగిందో మాట్లాడు, ఇంకోసారి ఏం మార్చుకోవాలో అడుగు. రోగి పేరు, వివరాలు మాత్రం వార్డు దాటకూడదు. అమ్మకు ఫోను చెయ్యి. చలికాలంలో ఇక్కడ ఉదయం 8 అంటే అక్కడ మధ్యాహ్నం 1:30, భోజనం వేళ, దొరుకుతుంది. ఒక్కదానివే ఉంటూ అన్నీ దిగమింగుకునే అలవాటైతే, వార్డులోనూ బజర్ దాకా చెయ్యి వెళ్లదు. నేను భయపడేది దానికే.

ఏ ఊళ్లో ఉంటున్నావో రాయలేదు. రాయి, దగ్గరలో పాత నర్సులెవరైనా ఉంటే కలుపుతాను.