మొక్కల వైరస్ తనంతట తానే పేర్చుకుంటదా?

పేర్చుకుంటది. మేస్త్రీ లేడు, కూలీ లేడు. 1955లో అమెరికాల బర్క్‌లీలో ఫ్రేంకెల్-కాన్రాట్, విలియమ్స్ అనే ఇద్దరు సైంటిస్టులు పొగాకు మొజాయిక్ వైరస్‌ను విప్పి పైతొక్క ప్రొటీన్, లోపటి ఆర్‌ఎన్‌ఏ (వైరస్ జన్యువులుండే పోగు) వేరు చేసిన్రు. మళ్లీ కలిపితే కడ్డీలు తయారైనయ్, పొగాకుకు రోగం గూడ తెచ్చినయ్. ఒక్కో కడ్డీకి 2,130 ప్రొటీన్లు, మక్కకంకి మీద గింజల్లెక్క. ఆర్‌ఎన్‌ఏ బెండు జాగల ఉండదు, గింజల నడుమ మెలి తిరిగి పోతది. బెండు జాగల ఉత్త బొక్కే. నా డిగ్రీ నోట్సుల బొమ్మ తప్పుండె, అదే గీసి మార్కులు గూడ తెచ్చుకున్న.

నాకు ఈ పిచ్చి పట్టింది మిరప తోటల. మాది నర్సంపేట దిక్కు. ఓ ఏడు దసరా ముందట ఆకులు పడవల్లెక్క పైకి ముడుసుకొని చెట్లు గిడసబారినయ్. అందరు జెమినీ వైరస్ అన్నరు. బాపు వరంగల్ పోయి "వైరస్ మందు" డబ్బా తెచ్చిండు. "ఎన్నొద్దులకు చస్తదిరా?" అని నన్నే అడిగిండు, సదువుకున్నోణ్ని గద.

ఒడ్డు మీద సీతాఫలాలుండె. రెండు తెంపి, ఒక్కోదానికి ఓ మూల కోసి, కోసిన మొకాలు అతికించి చూపించిన. జెమినీ అంటే కవలలు బాపు, గిట్లనే ఉంటది. వైరస్‌ల ఒక్కో కాయకు 12 మూలలు, అతికిన కాడ ఒకటి పోతే 11. రెండిటికి 22. మూలకు ఐదు చొప్పున 110 ప్రొటీన్లు. లోపట చిన్న డీఎన్‌ఏ చుట్ట. చెట్టు కణం కేంద్రకంలనే తయారైతది. తిండి తినదు, ఊపిరి తీయదు, ఇగ మందు దేన్ని సంపుతది? ఆ పైతొక్కే తెల్లదోమకు సరిపోయేటట్టుంటది, అందుకే దోమెంబడి పక్క చెట్టుకు పోతది. దోమను ఆపు, ముడత చెట్లు పీకెయ్. రోగం అంటినంక అంతకు మించి ఉపాయం లేదు. ఉన్నదని ఎవడన్న చెప్తే నీకు డబ్బా అమ్మెటందుకే.

బాపు అంతా ఇని, ఒక కాయ తిని, గింజలు ఊసి, "గింత దానికి గంత లెక్కనా" అన్నడు. తెల్లారి మందు కొట్టనే కొట్టిండు.

తప్పు ఆయనది గాదు. దుకాణపాయన ఇత్తనం, ఎరువు ఉద్దెరకిస్తడు, వరంగల్ ఎనుమాముల మార్కెట్ల మిర్చి అమ్మినంక కడ్తం. ఆయన చేతుల పెట్టిన డబ్బాను వద్దంటే వచ్చే ఏడు ఇత్తనం ఎవరిస్తరు?