ఆ ఫ్లాటు ధరలో మీ జీతం కూడా ఉంది

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లోని మియాపూర్‌లో రెండు పడక గదుల ఫ్లాటులో అద్దెకు ఉంటున్నాము. మెయింటెనెన్సుతో కలిపి నెలకు 24,000 రూపాయలు కడుతున్నాము. మావారు రాయదుర్గంలో ఒక కంపెనీలో పనిచేస్తారు, చేతికి 72,000 వస్తుంది. నేను చందానగర్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచరును, నా జీతం 28,000. మా అమ్మాయి అదే బడిలో నాలుగో తరగతి చదువుతోంది, సిబ్బంది పిల్లలకు ఇచ్చే రాయితీ వల్ల సగం ఫీజే కడుతున్నాము. షుగరు, మోకాళ్ల నొప్పులు ఉన్న అత్తగారు మాతోనే ఉంటారు. నగరానికి అవతలి చివర, ఘట్‌కేసర్ దాటాక కడుతున్న ఒక అపార్ట్‌మెంటులో మావారు 52 లక్షలకు ఫ్లాటు చూశారు. మేము కూడబెట్టింది 14 లక్షలు. అద్దెకు ఇంకో పన్నెండు వేలు కలుపుకుంటే సొంత ఇల్లు వస్తుందని, చాలకపోతే పుట్టింటివారు పెట్టిన నా నగలు తాకట్టు పెడదామని అంటున్నారు. శ్రావణ మాసం రాగానే అడ్వాన్సు ఇస్తారట. దూరమని నేను వెనుకాడితే, నీ సౌకర్యమే నీకు ముఖ్యమంటున్నారు. చిన్నప్పుడు ఖమ్మంలో ఆయన కుటుంబం ఏడు అద్దె ఇళ్లు మారిందట. ఇప్పటి మా యజమాని కూడా ఏటా అద్దె పెంచుతూనే ఉన్నారు. ఒక్కోసారి సరేనని సంతకం పెట్టేసి ఊరుకోవాలనిపిస్తుంది. నేను నిజంగా స్వార్థపరురాలినా?

జవాబు: కాదమ్మా. మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. అందులో మీ సౌకర్యం గురించి మీరు రాసుకున్నది చాలా తక్కువ. మీరు చెప్పలేకపోతున్నది వేరే ఉంది. మీవారు వేసిన లెక్కలో ఏదో తప్పిపోయిందని మీకు తెలుస్తోంది గాని, అదేమిటో వేలు పెట్టి చూపలేక ఇబ్బంది పడుతున్నారు. మీరు ఇచ్చిన అంకెలతోనే ముందుగా ఆ లెక్క చేద్దాము.

ముప్పై లక్షలు దాటి డెబ్బై అయిదు లక్షల లోపు ఉండే గృహ రుణానికి బ్యాంకులు ఇంటి విలువలో 80 శాతం వరకే ఇస్తాయి. అంటే 52 లక్షల ఫ్లాటుకు 41,60,000 అప్పు దొరుకుతుంది, మిగిలిన 10,40,000 మీరు పెట్టుకోవాలి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి దాదాపు 7.5 శాతం, అంటే 3,90,000. అది ఇంకా కడుతున్న ఫ్లాటు కనుక 5 శాతం జీఎస్టీ కూడా పడుతుంది, అది 2,60,000. మొత్తం 16,90,000 మీ చేతి నుంచి వెళ్లాలి. మీ దగ్గర ఉన్నది 14 లక్షలు. నగల ప్రస్తావన ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అల్మరాలు, గృహప్రవేశం, సామాను తరలింపు ఇందులో ఇంకా కలపనే లేదు. తాళాలు చేతికి వచ్చేవరకు ఇక్కడి అద్దె, అక్కడి వడ్డీ రెండూ కట్టవలసి రావచ్చు. ఇవన్నీ అయ్యాక అత్తగారికి ఒక రాత్రి ఆసుపత్రి అవసరం పడితే, ఇంట్లో తీసి కట్టడానికి ఏమీ మిగలదు.

ఇక నెలవారీ లెక్కకు వస్తాను. 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు అయితే ఆ అప్పుకు ఈఎంఐ దాదాపు 36,100. అద్దె కన్నా పన్నెండు వేలు ఎక్కువని మీవారు చెప్పిన మాట అంకెల ప్రకారం నిజమే. అయితే ఆయన రెండు కాగితాలనే పక్కపక్కన పెట్టి చూశారు, అద్దె రసీదు, ఈఎంఐ. మూడో కాగితం మీ జీతపు స్లిప్పు. చందానగర్ బడికి ఘట్‌కేసర్ అవతలి నుంచి రోజూ వెళ్లి రావడం సాధ్యం కాదు. నగరపు లోకల్ రైలు ఎంఎంటీఎస్ అక్కడిదాకా వెళుతున్నా, ఉద్యోగం దాని మీద ఆధారపడి చేసుకునేటన్ని రైళ్లు ఆ మార్గంలో లేవు. మహాలక్ష్మి పథకం కింద బస్సులో మీకు టికెట్టు ఉండకపోవచ్చు గాని, బస్సులో గడిచిపోయే గంటలను ఏ పథకమూ తిరిగి ఇవ్వదు. కాబట్టి ఆ ఇంటికి మారిన నెలే మీ ఉద్యోగం పోతుంది. ఇప్పుడు మీ ఇద్దరి లక్ష రూపాయల సంపాదనలో అద్దె పోగా 76,000 మిగులుతోంది. అప్పుడు మీవారి 72,000లో ఈఎంఐ పోగా 35,900 మిగులుతుంది. ఆయన పన్నెండు వేలని చెబుతున్న తేడా నిజానికి నలభై వేలు. అమ్మాయి ఫీజు రాయితీ పోవడం, కొత్త ఫ్లాటు మెయింటెనెన్సు ఆ నలభై వేలకు అదనం.

ఘట్‌కేసర్ వైపు బడులు లేవని నేను అనను, ఉన్నాయి, మీకు అక్కడ పని దొరకవచ్చు కూడా. కాని కొత్త బడిలో పాత జీతంతోనే చేర్చుకుంటారన్న భరోసా లేదు. 18,000 వచ్చినా నెలకు ఇరవై రెండు వేల తేడా ఉంటుంది.

ఇక్కడ మీరు చాలా జాగ్రత్తగా ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. మీవారి జీతం ఒక్కదాని మీదే చూస్తే ఈఎంఐ అందులో సరిగ్గా సగం. అందువల్ల బ్యాంకు మిమ్మల్ని సహ రుణగ్రహీతగా చేర్చి, మీ 28,000 కూడా ఆదాయంగా చూపమని అడగవచ్చు. అంటే ఏ జీతాన్ని చూపి అప్పు తెచ్చుకుంటున్నారో, ఆ జీతాన్ని ఆ అప్పుతో కొన్న ఇల్లే ఆపేస్తుంది. ఆ కాగితం మీద మీరు పెట్టే సంతకం ఇంట్లో గొడవ సద్దుమణగడానికి పెట్టే సంతకం కాదు. వాయిదాలు ఆగితే బ్యాంకు మీవారిని ఎంత అడుగుతుందో మిమ్మల్నీ అంతే అడుగుతుంది. విసిగిపోయి ఊరుకోవడం కోసం మాత్రం దయచేసి ఆ పని చేయకండి.

అద్దె దండగ అనే మాట మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది, పెళ్లిళ్లలో, పేరంటాలలో బంధువులు కుశల ప్రశ్నలాగా అడుగుతారు. ఆ మాటకూ ఒక లెక్క ఉంది. 41,60,000 అప్పుకు మొదటి నెల కట్టే 36,100లో 29,000కు పైగా వడ్డీయే, అసలులో తగ్గేది ఏడు వేలు కూడా ఉండదు. యజమానికి ఇచ్చే 24,000 తిరిగి రానట్లే ఈ 29,000 కూడా తిరిగి రాదు. ఏళ్లు గడిచేకొద్దీ వడ్డీ భాగం తగ్గుతుందన్నది, ఇంటి విలువ పెరగవచ్చన్నది నిజమే, వాటిని కాదనను. పన్ను ఆదా అవుతుందని ఎవరైనా చెప్పి ఉంటే దానినీ సరిచూసుకోండి. 2025–26 నుంచి కొత్త పన్ను విధానంలో ఏడాదికి 12 లక్షల లోపు ఆదాయం ఉన్న ఉద్యోగికి పన్నే పడదు. పడని పన్నులో మిగిలేదేమీ ఉండదు.

డబ్బు తరువాత నన్ను ఎక్కువగా కలవరపెట్టినది మీవారి ప్రయాణం. ఉప్పల్ దాకా బైకు మీద వచ్చి అక్కడ మెట్రో ఎక్కితే రాయదుర్గంలో నేరుగా దిగవచ్చని ఆయన అనుకుంటూ ఉండవచ్చు, ఆ ఆలోచన తప్పు కాదు. కాని ఉప్పల్–నారపల్లి వంతెన పనులు ఏళ్ల తరబడి సాగిన ఆ దారిలో బైకు ప్రయాణం, తరువాత నగరం ఆ చివరి నుంచి ఈ చివరికి మెట్రో, దిగాక ఆఫీసు దాకా ఇంకో బండి, అన్నీ కలిపితే ఒక వైపుకే రెండు గంటలు కావచ్చు. ఇప్పుడు మియాపూర్ నుంచి ముప్పావు గంట పడుతోందనుకున్నా, రోజుకు రెండున్నర గంటలు అదనం. నెలకు ఇరవై రెండు పనిదినాల చొప్పున లెక్కిస్తే, సెలవులు తీసేసినా ఏడాదికి ఆరు వందల గంటలు. పగలూ రాత్రీ కలిపి ఇరవై అయిదు రోజులు ఆయన రోడ్డు మీదనే ఉంటారు. మీ అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్లో పదేళ్లో ఉంటాయి. ఆ పిల్ల నిద్ర లేవకముందే వెళ్లి, నిద్రపోయాక వచ్చే తండ్రిని నేను నా పనిలో చాలామందిని చూశాను. వాళ్లు పిల్లల కోసమే ఇల్లు కొన్నవాళ్లు. ఆదివారం నాడు ఆ పిల్లలతో ఏం మాట్లాడాలో తెలియక నా ఎదుట కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

ఇంత చెప్పాక మీవారి పక్షాన కూడా మాట్లాడాలి. ఏడు ఇళ్లు మారారని మీరు ఒక్క వాక్యంలో రాశారు. నాకు మీ ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన వాక్యం అదే. ఖాళీ చేయమని యజమాని గుమ్మంలో నిలబడి చెప్పినప్పుడు తల్లి ముఖం ఎలా మారిందో, సామాను బండికి ఎత్తుతుంటే వీధిలో వాళ్లు ఎలా చూశారో ఆయనకు గుర్తుండి ఉంటుంది. అటువంటి మనిషికి సొంత ఇల్లంటే చదరపు అడుగులు కావు. ఇకపై ఎవరూ లెమ్మనని చోటు. మీరు దూరం గురించి మాట్లాడినప్పుడల్లా ఆయనకు వినబడుతున్నది, తన జీవితకాలపు భయం నీకు లెక్క లేదా అన్న ప్రశ్న. అందుకే స్వార్థం అన్నంత కఠినమైన మాట వచ్చింది. ఆ మాట తప్పే, అది మిమ్మల్ని బాధించిందని ఆయనకు స్పష్టంగా చెప్పండి. కాని లెక్కల కాగితం తీయడానికి ముందు, ఆ ఏడు ఇళ్ల కథను ఆయన నోట పూర్తిగా వినండి. ఉద్యోగం నుంచి అలసి వచ్చిన రాత్రి కాకుండా, ఒక ఆదివారం ఉదయం, అమ్మాయి ఆటకు వెళ్లిన సమయం చూసుకుని అడగండి. పదేళ్లుగా కాపురం చేస్తున్నా ఆ కథను భార్య పూర్తిగా అడగని భర్తలు ఎందరో.

ఆయన భయానికి సమాధానం ఘట్‌కేసర్ ఫ్లాటు ఒక్కటే కాదని చూపడం మీ తరువాతి పని. ఇప్పటి యజమానితో పదకొండు నెలల ఒప్పందం బదులు మూడేళ్ల లీజు అడిగి చూడండి. ఏటా ఎంత పెంచాలో అందులోనే రాయించి, దానిని రిజిస్టరు చేయించండి. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఖర్చు కొంత అవుతుంది, కాని ఉన్నపళంగా లేవమనే భయం తగ్గుతుంది. ఆయన ఎలాగూ నెలకు పన్నెండు వేలు అదనంగా కట్టడానికి సిద్ధపడ్డారు కదా, ఆ మొత్తాన్నే మూడేళ్లు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. వడ్డీ కాకుండానే మీ దగ్గర 18 లక్షలు దాటుతుంది, నగలు బీరువాలోనే ఉంటాయి. ఈలోగా ఇళ్ల ధరలూ పెరగవచ్చు, ఆ నష్టం ఉందని దాచకుండా ఆయనతో అనండి. దాచితే మీ మిగిలిన లెక్కలను కూడా ఆయన నమ్మరు.

అదే సమయంలో మీ ఇద్దరి ఉద్యోగాలు నిలిచే దూరంలో, బీరంగూడ, పటాన్‌చెరు వైపు, పది పన్నెండేళ్ల పాత ఫ్లాట్లు చూడండి. కొత్తదాని మెరుపు ఉండదు, పైపులు మార్చవలసి రావచ్చు. కాని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే నివాసానికి అనుమతి పత్రం, ఉన్న పాత ఫ్లాటుకు జీఎస్టీ లేదు, పక్కింటివాళ్లను అడిగితే వేసవిలో నీళ్ల సంగతి ఉన్నదున్నట్లు చెబుతారు. ఆ వైపు చెరువులు ఎక్కువ కాబట్టి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ హద్దులు తప్పక పరిశీలించాలి. 2024లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా చేసిన కూల్చివేతలు ఆ వైపే ఉన్న అమీన్‌పూర్ మండలంలోనూ జరిగాయని మీకు గుర్తుండే ఉంటుంది. ఘట్‌కేసర్ ఫ్లాటును ఇప్పుడు కొని అద్దెకిద్దామని మీవారు అంటే, అది మీకు సరిపడదని నా అభిప్రాయం. ఈఎంఐ, మీ అద్దె కలిపి అరవై వేలు దాటుతుంది. అక్కడి నుంచి వచ్చే అద్దె ఆ గుంటను పూడ్చదు.

అత్తగారి మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆవిడ జబ్బులు ఉన్నాయి, ఆవిడ అభిప్రాయం లేదు. అమ్మ సొంత ఇంట్లో ఉండాలని కొడుకు తపిస్తూ ఉండవచ్చు, మోకాళ్ల నొప్పులతో ఆవిడ నడిచి వెళ్లగలిగే డాక్టరు, గుడి, సాయంత్రం పూట మాట్లాడుకునే తోటివాళ్లు ఆవిడకు ఇల్లంత ముఖ్యం కావచ్చు. లేదా కొడుకు కోరికే ఆవిడ కోరిక కావచ్చు. మీరిద్దరూ ఊహించుకోవడం మాని ఆవిడనే అడగండి, కోడలిగా మీరు ఒంటరిగా కాకుండా మీవారు పక్కన ఉన్నప్పుడు అడగండి. ఆ సైటుకు ఆవిడను ఒకసారి తీసుకువెళ్లి, లిఫ్టు ఆగిపోతే ఎన్ని మెట్లు ఎక్కవలసి వస్తుందో చూపించండి.

అడ్వాన్సు విషయంలో మాత్రం మెత్తబడకండి. ఆ ప్రాజెక్టుకు రెరా (ఇళ్ల కొనుగోలుదారుల రక్షణకు వచ్చిన స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో తెలంగాణ రెరా వెబ్‌సైటులో మీరే వెతకండి. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకముందు బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని ఆ చట్టం చెబుతోంది. శ్రావణం ప్రతి ఏడాదీ వస్తుందని, ఈ శ్రావణానికి బదులు మీరు ఒక్కటే కోరుతున్నారని ఆయనతో చెప్పండి. అడ్వాన్సు ఇవ్వకముందు ఆయన వరుసగా ఒక వారం, సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం ఆఫీసు వేళకు ఆ ఫ్లాటు గేటు దగ్గర నుంచే బయలుదేరాలి, రాత్రి మళ్లీ ఆ గేటు దాకా వెళ్లి అప్పుడు ఇంటికి రావాలి. మియాపూర్ నుంచి అక్కడికి పోయి రావడం కష్టమనుకుంటే అయిదు రాత్రులు ఆ దగ్గరలో ఏదైనా చిన్న గది తీసుకుని ఉండవచ్చు, 52 లక్షల ముందు ఆ ఖర్చు పెద్దది కాదు. వీలైతే శుక్రవారం ఉదయం మీరూ ఆయన వెంట వెళ్లండి. శనివారం అత్తగారితో కలిసి మీ ముగ్గురూ కూర్చుని, ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద ఆయన చేతి రాతతోనే రాయించి, ఆ తరువాత అడ్వాన్సు మాట ఎత్తండి.