ముందు బూట్లు, తరువాతే బోర్డు

శ్రీకాకుళం,
కార్తీక పౌర్ణమి.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. రెండు శీతాకాలాలుగా డెన్వర్ పక్క కొండల మీద మెత్తని బూట్లతో స్నోబోర్డు నేర్చుకున్నావనీ, ఈ ఏడాది గట్టి ప్లాస్టిక్ బూట్లు తొడిగి అంచు మీద వాలి మలుపులు తిరిగే సన్నని ఆల్పైన్ బోర్డు ఎక్కాలనుకుంటున్నావనీ చదివి ఎంతో సంతోషించాను. మీ అమ్మ మాత్రం ఫోను చేసి, "అన్నయ్యా, నువ్వైనా దానికి చెప్పు, మానేయమని" అంది. ఆ కొండల మీద పద్దెనిమిది శీతాకాలాలు గడిపిన నాకు ఆ మాట చెప్పడానికి మనసొప్పలేదు. సామాను సరిగ్గా ఎంచుకుంటే ప్రమాదం చాలా వరకు తగ్గుతుందని మీ అమ్మకు నచ్చజెప్పి, ఆ సామాను సంగతి నీకు రాస్తానని మాటిచ్చాను.

ఏ కంపెనీ బోర్డు కొనమంటావని నువ్వు అడిగావు. నేను కూడా మొదట అదే అడిగి దెబ్బతిన్నాను. 1998లో నాగానో ఒలింపిక్స్‌లో స్నోబోర్డింగ్‌ను మొట్టమొదటిసారిగా చేర్చినప్పుడు, పాతిన జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే జెయింట్ స్లాలమ్ పోటీని టీవీలో రాత్రంతా మేలుకుని చూశాను. మరుసటి శీతాకాలం ఒక పాత సామాన్ల దుకాణానికి వెళ్లి దాదాపు మనిషంత పొడవున్న పందెపు బోర్డు కొన్నాను. బూట్లు నా పాదానికి ఒకటిన్నర సైజు పెద్దవైనా, మందపాటి మేజోళ్లు రెండు వేసుకుంటే సరిపోతాయని దుకాణదారు చెప్పిన మాట నమ్మాను. లవ్‌ల్యాండ్ కొండ మీద మడమ వైపు అంచు మీదికి వాలిన ప్రతిసారీ బూటు లోపల నా మడమ అరంగుళం పైకి లేచేది. నేను వాలిన క్షణానికీ బోర్డు వాలిన క్షణానికీ మధ్య చిన్న ఎడం వచ్చేది, ఆ ఎడంలోనే పడిపోయేవాణ్ణి. ఆ శీతాకాలమంతా తప్పు నా కాళ్లలోనే ఉందనుకుని బాధపడ్డాను.

నీ మోకాలికీ మంచుకూ మధ్య బూటు, దాన్ని బోర్డుకు పట్టి ఉంచే బైండింగ్, బోర్డు, దాని ఉక్కు అంచు, ఈ నాలుగూ ఒకదానికొకటి బిగిసి ఉండాలి. వీటిలో ఎక్కడ వదులున్నా నీ కదలిక అంచు దాకా చేరదు, ఆ వదులు ఎక్కువగా ఉండేది బూటులోనే. కనుక దాచిన డబ్బులో పెద్ద వాటా బూట్లకే కేటాయించు. బోర్డు పాతదైనా ఫరవాలేదు.

ముందు పాదం కొలుచుకో. పగలంతా నడిచిన పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కనుక సాయంత్రం పూట, మడమను గోడకు ఆనించి, కాగితం మీద బరువంతా వేసి నిలబడి, అన్నిటికంటే పొడుగు వేలి కొస దగ్గర ఎవరిచేతనైనా గీత గీయించుకో. వంగి నువ్వే గీసుకుంటే బరువు మారి కొలత తప్పుతుంది. సెంటీమీటర్లలో ఆ పొడవునే మాండో సైజు అంటారు. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్నే లెక్కలోకి తీసుకో. నీ పాదం 23.5 అని రాశావు, అది చెప్పుల సైజును బట్టి లెక్కగట్టినదైతే మళ్లీ కొలువు. చాలా కంపెనీలు 23కూ 23.5కూ ఒకే షెల్ (పైనుండే గట్టి ప్లాస్టిక్ డొప్ప) వాడి, లోపలి మెత్తని లైనరులోనో అడుగు అట్టలోనో తేడా చూపిస్తాయి, అందుచేత అర సైజు గురించి మథనపడనక్కరలేదు.

దుకాణంలో ముందుగా లైనరు ఊడదీయించి ఒట్టి షెల్‌లో పాదం పెట్టు. వేళ్లు ముందు గోడకు సుతారంగా తగిలేదాకా జరిగి, మడమ వెనుక ఖాళీలో చూపుడు వేలు దూర్చి చూడు. ఒక వేలు పట్టాలి, వేలున్నర దాకా సరే. రెండు వేళ్లు హాయిగా దూరితే ఆ బూటు ఎంత తక్కువకు ఇస్తానన్నా వదిలిపెట్టు. తరువాత లైనరు వేసి, పలచటి మేజోడు ఒక్కటే తొడిగి, బకిల్స్ బిగించుకో. నిటారుగా నిలబడితే వేళ్లు ముందుకు తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి, మడమ మాత్రం కదలకూడదు. ఇరవై నిమిషాలు వాటితోనే దుకాణంలో తిరుగు. అంతటా సమంగా పట్టినట్లుంటే అది మంచి బూటు, ఒకచోట మాత్రమే ఎముక మీద నొక్కితే అక్కడ షెల్‌ను వేడిచేసి ఉబ్బించమని అడగవచ్చు. వేడికి పాదం అచ్చులోకి వచ్చే లైనర్లు దొరుకుతాయి. వాటికి కాస్త ఎక్కువ పెట్టినా ఆ డబ్బు వృథా కాదు.

గట్టిదనం విషయంలో పందెగాళ్లను చూసి పోకు. నీ బరువు 54 కిలోలు. పందెపు బూటును నీ చీలమండ వంచలేదు, వంచలేని బూటులో మనిషి కర్రలా నిలబడిపోతుంది. ప్లాస్టిక్ చలికి ఇంకా బిగుస్తుంది కాబట్టి దుకాణం వెచ్చదనంలో కాస్త మెత్తగా అనిపించేదే కొండ మీద సరిగ్గా ఉంటుంది. స్కీ బూట్లతో సరిపెట్టవచ్చునని కొందరు చెబుతారు. వాటి మడమ వెనక్కి పొడుచుకుని ఉంటుంది, చీలమండ దగ్గర మరీ బిగుసుగా ఉంటాయి. స్నోబోర్డు కోసమే చేసిన హార్డ్ బూట్లు డీలక్స్, యూపీజెడ్ వంటి కంపెనీలవి వెతుకు.

పాత బూట్లు మాత్రం కొనవద్దు. పైకి నిగనిగలాడుతున్నా, ఏళ్ల తరబడి అటకల మీద పడి ఉన్న ప్లాస్టిక్ లోలోపల పెళుసుబారుతుంది. నా రెండో జత అలాంటిదే. ఒక ఉదయం మూడో పరుగులో, గట్టి మలుపు మధ్యలో, ఎడమ మడమ దగ్గర షెల్ పెళ్లున పగిలి ముక్క ఊడిపోయింది. వేగం తక్కువగా ఉండబట్టి బతికిపోయాను. మీ అమ్మకు ఈ సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు.

బైండింగ్‌లలో ముందూ వెనుకా ఉక్కు కడ్డీలతో బూటును పట్టే మామూలు ప్లేట్ బైండింగ్ తీసుకో. మడమతో తొక్కితే టక్కున పట్టుకునే స్టెప్-ఇన్ రకం సుఖమే గాని, మడమ కింద మంచు గడ్డకట్టి ఉంటే పిన్ను పూర్తిగా దిగకుండానే దిగినట్లు అనిపిస్తుంది, ఆ తేడా కనిపెట్టడానికి అనుభవం కావాలి. ఒక సంగతి గుర్తుంచుకో. స్కీ బైండింగ్‌లలాగా ఇవి పడినప్పుడు ఊడిపోవు. అందుకే కడ్డీ బూటు అంచుకు సరిగ్గా కూర్చుందో లేదో ప్రతిసారీ వంగి, చేత్తో కదిపి చూడు. వాలు మీద బోర్డు విప్పేటప్పుడు అది జారిపోయి కిందివాళ్లకు తగలకుండా కాలికి తాడు కట్టుకో.

బైండింగ్‌ను బోర్డుకు బిగించే మరల మందం 6 మిల్లీమీటర్లు. ఇక పొడవు సంగతి, కురచవైతే మర పట్టు ఊడుతుంది, పొడుగువైతే బోర్డు అడుగు ఉబ్బుతుంది, కనుక బైండింగ్‌తో వచ్చినవే వాడు. మొదటి రోజు రెండు పరుగుల తరువాత ఒకసారి, సాయంత్రం ఒకసారి వాటిని బిగించి చూసుకో. జేబులో 3వ నంబరు పోజీడ్రైవ్ స్క్రూడ్రైవర్ ఎప్పుడూ ఉండాలి.

ఇక బోర్డు. నీ పాత బోర్డు నడుము, అంటే మధ్యలో దాని వెడల్పు, 24 సెంటీమీటర్లుంటుంది. ఆల్పైన్ బోర్డు నడుము 18 నుంచి 21 దాకానే ఉంటుంది. అంత సన్నని బోర్డు ఒక అంచు మీది నుంచి రెండో అంచు మీదికి త్వరగా మళ్లుతుంది, కాని దాని మీద పాదం అడ్డంగా పట్టదు. అందుకే పాదాలను ముందుకు తిప్పి నిలబడతాం, ఆ నిలకడకు గట్టి బూటు కావాలి. నీ పాదం చిన్నది కనుక 20 సెంటీమీటర్ల నడుము మీద ముందు కాలు సుమారు 55 డిగ్రీలు, వెనుక కాలు 50 డిగ్రీలతో మొదలుపెట్టు. ఇంట్లోనే బూట్లు బిగించి బోర్డును అంచు మీద బాగా వాల్చి చూడు. వేళ్ల వైపు గాని మడమ వైపు గాని బూటు నేలకు తగిలితే కొండ మీద అదే మంచుకు తగిలి అంచును పైకి లేపేస్తుంది. అప్పుడు కోణం ఇంకొంచెం పెంచు.

బోర్డు పక్కలు డమరుకం నడుములా లోపలికి వంగి ఉంటాయి కదా, ఆ వంపు ఏ వృత్తంలో భాగమో ఆ వృత్తపు వ్యాసార్థాన్ని సైడ్‌కట్ అంటారు. ఇంజనీరువు కనుక నీకు లెక్కతోనే చెబుతాను. బోర్డును మంచు మీద 45 డిగ్రీలు వాల్చితే అది గీసే మలుపు వ్యాసార్థం సైడ్‌కట్‌లో దాదాపు పదింట ఏడు వంతులవుతుంది. 9 మీటర్ల సైడ్‌కట్ ఉన్న బోర్డు 6.4 మీటర్ల మలుపు గీస్తుంది, ఆ వాలులో పడిపోకుండా నిలవడానికి గంటకు సుమారు 28 కిలోమీటర్ల వేగం చాలు. అదే 20 మీటర్ల సైడ్‌కట్ ఉన్న పందెపు బోర్డయితే మలుపు 14 మీటర్లు దాటుతుంది, కావలసిన వేగం 42 కిలోమీటర్లు. మొదటి వారంలో ఉన్న మనిషికి ఆ రెండో వేగం దగ్గర ధైర్యం ఉండదు, ధైర్యం లేనప్పుడు బోర్డును వాల్చలేదు, వాల్చకపోతే బోర్డు తిరగదు. నాగానో మోజులో నేను కొన్న బోర్డు నన్ను పెట్టిన బాధ ఇదే. నువ్వు 2018లో ఎస్టర్ లెడెట్స్కా ఒకే ఒలింపిక్స్‌లో స్కీ మీదా స్నోబోర్డు మీదా బంగారు పతకాలు గెలవడం చూసి ముచ్చటపడ్డావని నాకు తెలుసు. ఆమె బోర్డు ఆమె కాళ్లకు తగినది. నీకు 150 నుంచి 158 సెంటీమీటర్ల పొడవు, 8 నుంచి 10 మీటర్ల సైడ్‌కట్, నీ బరువుకు వంగే మెత్తదనం ఉన్నది చూడు.

ఎఫ్2, డోనెక్, కెస్లర్ పేర్లు నీకు ఎక్కువగా కనిపిస్తాయి. వీటిలో డోనెక్ మీ కొలరాడోదే. లోపల టైటనాల్ అనే అల్యూమినియం మిశ్రమలోహపు రేకు వేసిన బోర్డులు అదురు లేకుండా సాగుతాయి, కాని ముక్కు గుచ్చుకుని వంగితే ఆ రేకు మళ్లీ తిన్నగా కాదు. మొదటి బోర్డు ఫైబర్ గ్లాసుదే మంచిది. పాతది కొంటే దాన్ని బల్లమీద పెట్టి నడుము కింద వెలుతురు కనిపిస్తోందో లేదో చూడు. అసలే కనిపించకపోతే దాని బిగువు పోయినట్లు. ఎడ్లబండి చక్రానికి తొడిగిన ఇనుప పట్టాను మా తాతగారు సంతలో వేలితో తడిమి చూసినట్లు, ఉక్కు అంచు పొడవునా తడుము. పైపై తుప్పు రుద్దితే పోతుంది, చీలిక గాని, అంచుకూ చెక్కకూ మధ్య సందు గాని తగిలితే బేరం ఆపేయి. మరలు దిగే లోహపు రంధ్రాలు తిరుగుతున్నాయేమో మర బిగించి చూడు.

ఈ బోర్డు ఉదయం యంత్రంతో చదును చేసిన మంచుకే పనికొస్తుంది, కొత్తగా దుక్కి దున్నిన చేను చాళ్లలా గీతలు కనిపించే ఆ మంచు మీద తొలి రెండు గంటలే దీనికి మేలు. ఇండియా వచ్చినప్పుడు గుల్మార్గ్ వెళ్దామన్నావు, అక్కడికి మాత్రం నీ పాత వెడల్పు బోర్డే తీసుకురా. గొండోలా (తీగల మీద కొండెక్కే పెట్టె) దిగాక ఎక్కువగా ఉండేది చదును చేయని లోతు మంచు, సన్నని బోర్డు అందులో కూరుకుపోతుంది.

బట్టల గురించి ఒక్క మాట. మన పొందూరు ఖద్దరు ఎండలో చెమటను పీల్చుకుని ఒంటిని చల్లబరుస్తుంది, అందుకే దాన్ని అంత ఇష్టపడతాం. మంచు మీద ఆ గుణమే హాని చేస్తుంది. ఒంటికి తగిలే పొరలో నూలు వద్దు, ఉన్నిగాని పాలియెస్టరుగాని వేసుకో. హెల్మెట్ మీద ఏఎస్‌టీఎమ్ ఎఫ్2040 గాని ఈఎన్ 1077 గాని భద్రతా ప్రమాణపు ముద్ర ఉండాలి, ఒక్క గట్టి దెబ్బ తగిలినా దాన్ని మార్చేయాలి. కొత్తగా నేర్చుకునేవారు పడేటప్పుడు చెయ్యి ఆనించి మణికట్టు విరగ్గొట్టుకోవడం ఈ ఆటలో మామూలు కనుక, లోపల గట్టి పట్టీ ఉన్న రిస్ట్ గార్డులు వెంటనే కొను.

ఈ వారంలో కాగితం మీద గీసిన పాదాల కొలతలు, వేళ్ల మొదళ్ల దగ్గర వెడల్పుతో సహా, ఫొటో తీసి పంపు. వాటిని చూశాక ఏ షెల్‌తో మొదలుపెట్టాలో ఫోనులో చెబుతాను. అంతవరకు బోర్డుకు బయానా ఇవ్వకు.

ఆశీస్సులతో,
మీ మామయ్య