బెంగళూరు మారతహళ్లి శిబిరంలో మెదడు అనూరిజంపై పంచిన కరపత్రాన్ని ఎవరూ పట్టించుకోలేదన్నారు కదా: సమాధానం

కారణం మొదటి వాక్యమే. ‘మెదడు రక్తనాళంలో బుడగలాంటి వాపు’ అని మొదలుపెట్టారు. ఆ వాపే అనూరిజం. చాలామందిలో అది పగిలి మెదడులో రక్తస్రావమయ్యేదాకా బయటపడదు, అందుకే ఇది తమ సంగతేనని చదివేవారికి తోచదు. కరపత్రాన్ని ఇలా మార్చండి:

1. పైన పెద్ద అక్షరాల్లో: ‘ఎన్నడూ లేనంత తలనొప్పి నిమిషంలోపే తారస్థాయికి చేరితే వెంటనే 108కి ఫోన్ చేయండి. అమృతాంజనం రాసి పడుకోబెట్టకండి.’ వాంతులు, మెడ బిగుసుకోవడం, స్పృహ తప్పడం దాని కింద.

2. అందరూ వదిలేసేది నొప్పి మొదలైన సమయం. ‘రాత్రి 9:40కి, గిన్నెలు కడుగుతుండగా, ఒక్కసారిగా’ అని డాక్టరుకు చెప్పాలి. ఉత్త ‘తలనొప్పి’ అంటే మైగ్రేన్ అనుకోవచ్చు. మొదటి 6 గంటల్లో తీసిన సీటీ స్కాన్‌లో రక్తస్రావం దాదాపుగా తెలిసిపోతుంది. ఆలస్యమైతే తప్పిపోవచ్చు. అప్పుడు సీటీ బాగుందని ఇంటికి వచ్చేయకూడదు. వెన్ను నుంచి నీరు తీసే పరీక్ష గానీ, సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాలను చూపే స్కాన్) గానీ అవసరమా అని అడిగి తీరాలి. దయచేసి దీన్ని గడి కట్టి వేయండి.

3. పొగతాగడం, అదుపులో లేని బీపీ ముప్పును పెంచుతాయి. తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఇద్దరికి అనూరిజం వచ్చి ఉంటే ముందే న్యూరాలజిస్టును కలవాలి.

4. వెనకవైపు కన్నడంలో వేయించండి. అర్ధరాత్రి అంబులెన్సుకు గేటు తీసేది కాపలావారే, వారికీ అర్థం కావాలి.